డిజ్జీ రాస్కల్ తొలి ఆల్బమ్ 'బాయ్ ఇన్ డా కార్నర్': తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ఆల్బమ్ గురించి నేను ఎక్కడ నోరు విప్పినా అవే ప్రశ్నలు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి.

అసలు ఏమిటీ ఆల్బమ్?

ర్యాప్ పాడే డిజ్జీ రాస్కల్ అనే లండన్ కుర్రాడి మొదటి ఆల్బమ్. 2003 జులై 21న ఎక్స్‌ఎల్ రికార్డింగ్స్ అనే కంపెనీ విడుదల చేసింది. 15 పాటలు, మొత్తం గంటకు కాస్త తక్కువ. అప్పటికి అతనికి 18 ఏళ్ళు. రాసింది అతనే, పాడింది అతనే, సంగీతంలో చాలా భాగం కట్టింది కూడా అతనే. ఆ సెప్టెంబరులోనే దీనికి మెర్క్యురీ ప్రైజ్ వచ్చింది. బ్రిటన్, ఐర్లండ్ కళాకారుల ఆల్బమ్‌లలోంచి ఏడాదికి ఒక్కదానికి ఇచ్చే బహుమతి అది, అప్పట్లో 20,000 పౌండ్లు. ఆ ఏడాది పోటీలో రేడియోహెడ్, కోల్డ్‌ప్లే కూడా ఉన్నాయి. అమ్మకాల చార్టులో మాత్రం ఇది 23వ స్థానం దాటి పైకి వెళ్ళలేదు.

పేరే 'రాస్కల్' ఏమిటండీ?

మన ఇళ్ళల్లో ఆ మాట వినపడిందంటే వెనకాలే చెప్పు ఎగురుకుంటూ వస్తుంది, నిజమే. ఇంగ్లీషువాళ్ళకి అది అంత ఘాటు మాట కాదు, 'అల్లరి వెధవ' లాంటిది. స్కూల్లో ఒక టీచర్ అలా పిలిస్తే అదే పేరుగా పెట్టుకున్నాడు. అసలు పేరు డిలన్ మిల్స్. 2008లో ఒబామా గెలిచినప్పుడు బీబీసీ చర్చకు పిలిస్తే, యాంకర్ జెరెమీ పాక్స్‌మన్ పరమ గంభీరంగా 'మిస్టర్ రాస్కల్' అని సంబోధించాడు. ఆ వీడియో చూసి నవ్వని తెలుగువాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఎక్కడివాడు?

తూర్పు లండన్‌లో బో అనే పేట. తల్లిది ఘానా, తండ్రిది నైజీరియా. తండ్రి ఇతని చిన్నప్పుడే పోయాడు, తల్లి ఒక్కతే పెంచింది.

లండన్‌కి చదువుకోడానికి వెళ్ళి ఈస్ట్ హామ్‌లో అద్దెకున్న తెలుగువాళ్ళందరూ రోజూ బో మీదుగానే వెళ్ళి ఉంటారు, గమనించి ఉండరు అంతే. డిస్ట్రిక్ట్ లైన్ రైల్లో సిటీ వైపు వెళ్తుంటే వెస్ట్ హామ్, బ్రామ్లీ బై బో, ఆ తర్వాత రైలు నేల కిందికి దిగుతుంది, వెంటనే బో రోడ్. దిగేముందు కిటికీలోంచి దక్షిణం వైపు చూస్తే కెనరీ వార్ఫ్ బ్యాంకుల టవర్లు కనిపిస్తాయి. అందులో పిరమిడ్ టోపీ పెట్టుకున్నట్టుండేది 235 మీటర్లు, ఈ ఆల్బమ్ వచ్చేనాటికి బ్రిటన్‌లోకెల్లా ఎత్తైన భవనం. కౌన్సిల్ ఫ్లాట్ల (స్థానిక ప్రభుత్వం తక్కువ అద్దెకిచ్చే ఇళ్ళ) బాల్కనీల్లోంచి చూస్తే ఎదురుగా అదే. రాత్రంతా దాని కొమ్మున దీపం వెలిగి ఆరుతూ ఉంటుంది. కాళ్ళీడ్చుకుంటూ నడిచినా గంటలోపు చేరే దూరం. ఈ కుర్రాళ్ళకి అక్కడేం పని?

ఒక చిన్న మాట. 'బో గంటలు వినపడేంత దూరంలో పుట్టినవాడే అసలైన కాక్నీ (తూర్పు లండన్ సామాన్యుడు)' అని లండన్‌లో సామెత లాంటిది ఉంది. ఆ గంటలకీ ఈ బోకీ సంబంధం లేదు. అవి సిటీ నడిబొడ్డున చీప్‌సైడ్‌లో ఉన్న సెయింట్ మేరీ లే బో చర్చివి. డిజ్జీ గురించి రాసేటప్పుడు చాలామంది ఈ రెంటినీ కలిపేస్తుంటారు.

స్కూలు కంప్యూటర్ మీద చేశాడంటారు, నిజమేనా?

చాలావరకు నిజం. ఒకటి కాదు, చాలా స్కూళ్ళు మారాడు. చివరికి పాప్లర్‌లోని లాంగ్డన్ పార్క్ స్కూల్‌కి చేరాడు. అక్కడ కూడా ఒక్కో క్లాసు నుంచి బయటికి పంపించేస్తే మిగిలింది మ్యూజిక్ క్లాసు ఒక్కటే. అక్కడి మాస్టారు ఇతన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వదిలేశాడు. అందులో క్యూబేస్ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది. ట్యూన్లు కట్టడం అక్కడే నేర్చుకున్నాడు.

ఈ సంగతి తెలిశాక ఆల్బమ్ వినండి, వేరేగా వినపడుతుంది. పరికరాలు తక్కువ, సమయం తక్కువ. కాబట్టి పాటలో ఉన్నవీ తక్కువే: ఒక బేస్ (కింది స్థాయిలో మోగే బరువైన శబ్దం), నాలుగు దెబ్బలు, మధ్యలో వీడియో గేమ్ శబ్దం లాంటి ఒక కూత. మిగతాదంతా ఖాళీ. మన సినిమా పాటల్లో చరణానికీ చరణానికీ మధ్య వయొలిన్లు, వేణువు, కోరస్ ఏదో ఒకటి వచ్చి ఖాళీని పూడ్చేస్తాయి కదా, అలవాటైన చెవికి ఇక్కడ గచ్చు కూడా వెయ్యని ఇల్లులా ఉంటుంది. ఆ ఖాళీలో అతని గొంతు ఒక్కటే నిలబడి ఉంటుంది. డబ్బులున్న స్టూడియోలో చేసి ఉంటే ఎవరో ఒకరు అక్కడ కీబోర్డు పెట్టేసేవారు. ఆల్బమ్ పాడైపోయేది.

ఇది హిప్ హాపా, గ్రైమా?

యాప్‌లలో హిప్ హాప్ కింద పెడతారు, తప్పేం కాదు. సరిగ్గా చెప్పాలంటే గ్రైమ్. అమెరికన్ హిప్ హాప్‌కి పునాది ఎక్కువగా ఫంక్, సోల్ రికార్డులు. గ్రైమ్ వచ్చింది జమైకావాళ్ళ సౌండ్ సిస్టమ్‌లలోంచి (వీధుల్లో పెద్ద స్పీకర్లు పెట్టి పాటలు వేసే బృందాలు), జంగిల్ అనే వేగమైన డాన్సు సంగీతంలోంచి, 1990ల చివర లండన్ క్లబ్బులను ఊపేసిన యూకే గరాజ్‌లోంచి. హిప్ హాప్ మామూలుగా నిమిషానికి 90 బీట్ల చుట్టుపక్కల నడుస్తుంది, గ్రైమ్ 140 దగ్గర పరిగెడుతుంది. గరాజ్‌లో షాంపేన్, మంచి చొక్కా, డాన్సు ఉండేవి. అదే సంగీతాన్ని ఫ్లాట్ల మెట్ల మీద కూర్చున్న పిల్లలు అందుకునేసరికి షాంపేన్ పోయి చలి మిగిలింది. బోకే చెందిన వైలీ అనే అతను తన ట్యూన్లలో చాలావాటికి పెట్టిన పేర్లు ఎస్కిమో, మంచు, అలాంటివే. డిజ్జీ అతని బృందం రోల్ డీప్‌లో ఉండేవాడు. ఈ ఆల్బమ్‌లో 'టూ ఫార్' పాటలో ఇద్దరూ కలిసి వినిపిస్తారు. తర్వాత విడిపోయారు.

ఇంకో తేడా, నాకు బాగా నచ్చేది. ఇక్కడ పాడేవాణ్ణి ర్యాపర్ అనరు, ఎంసీ అంటారు. ఒకడు 8 బార్లు గానీ 16 బార్లు గానీ (బార్ అంటే నాలుగు దెబ్బల వరస) చెప్పి మైకు పక్కవాడికి ఇస్తాడు. మాట పేలిందంటే జనం గోల చేస్తారు, డీజే తిరుగుతున్న రికార్డుని సర్రున వెనక్కి లాగి పాట మళ్ళీ మొదటినుంచి వేస్తాడు. దాన్ని రీలోడ్ అంటారు. మన పద్యనాటకాల్లో 'వన్స్ మోర్' అని అరిస్తే నటుడు కథ అక్కడే ఆపేసి అదే పద్యం మళ్ళీ ఎత్తుకునేవాడు కదా, అచ్చం అదే. చచ్చిపోయిన పాత్ర కూడా లేచి పద్యం పాడి మళ్ళీ పడుకునేదని మా తాతయ్య చెప్పేవాడు.

మధ్యలో ఈ పైరేట్ రేడియో గొడవేమిటి?

లైసెన్సు లేని ఎఫ్ఎం స్టేషన్లు. ఎత్తైన ఫ్లాట్ల కప్పు మీదికి ఎక్కి ఏరియల్ బిగించేవారు, అధికారులు వచ్చి పీకేసేవారు, మర్నాడు మళ్ళీ బిగించేవారు. స్టూడియో అంటే ఎవరిదో ఖాళీ ఫ్లాటు, కొన్నిసార్లు వంటగది. 1994లో మొదలైన రిన్స్ ఎఫ్ఎం వీటిలో పేరున్నది. డిజ్జీ, వైలీ లాంటివాళ్ళంతా గంటల తరబడి అక్కడే గొంతు సాన పట్టుకున్నారు. ఆ స్టేషన్ పెట్టినవాళ్ళలో ఒకడైన డీజే స్లిమ్జీకి తర్వాత కోర్టు ఒక వింత ఆంక్ష పెట్టింది: నాలుగంతస్తులకు మించిన భవనాల కప్పులు ఎక్కకూడదు. ఆ రిన్స్‌కే 2010లో అధికారికంగా లైసెన్సు వచ్చింది.

'ఐ లవ్ యూ' పాట ముందు అలాగే జనంలోకి వెళ్ళింది. లేబుల్ మీద ఏమీ అచ్చువెయ్యని రికార్డుగా 2002లో చేతులు మారింది. కంపెనీ సింగిల్‌గా (విడిగా అమ్మే ఒక్క పాటగా) వచ్చింది 2003లో.

ఒకసారి విన్నాను, తలనొప్పి వచ్చింది. నాలో ఏమైనా లోపమా?

లేదు. నేను ఈస్ట్ హామ్‌లో ముగ్గురం ఒకే గదిలో ఉన్నప్పుడు మొదటిసారి స్పీకర్లో పెట్టాను. రూమ్మేట్ రెండు నిమిషాలు ఓపిక పట్టి, 'ఒరేయ్, మిక్సీలో గులకరాళ్ళు వేశావా ఏంటి?' అన్నాడు. వారం తిరక్కుండా వాడే గిన్నెలు తోముతూ స్టీలు పళ్ళెం మీద 'ఫిక్స్ అప్, లుక్ షార్ప్' దరువు వేస్తున్నాడు.

తప్పు చాలావరకు స్పీకర్ది. ఫోన్ స్పీకర్లో ఈ ఆల్బమ్ వినకండి. దీని కథంతా కింద బేస్‌లో ఉంది, ఫోన్‌లో అది అసలు రాదు, పైన గీరుడు శబ్దం మాత్రమే మిగులుతుంది. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు పెట్టుకుని 'ఐ లవ్ యూ' పెట్టండి. ఒక గొంతు ఆ మూడు మాటలనే యంత్రంలా చెప్తూ ఉంటుంది, వందసార్లు అని అర్థం అరిగిపోయినట్టు. దాని కింద బేస్ దిగుతుంది. మెత్తగా గుండెకి తగిలే బేస్ కాదు, రేకు తలుపు మీద గుద్దినట్టు చిట్లిపోయిన బేస్. అప్పుడు డిజ్జీ వస్తాడు. గొంతు దాదాపు కీచుగా, ఇంకా పూర్తిగా మగగొంతుగా మారని గొంతు. కోపమా, ఏడుపా చెప్పలేం.

ఏ పాటతో మొదలుపెట్టాలి?

'ఫిక్స్ అప్, లుక్ షార్ప్'. ఇందులో అందరికీ ఎక్కే పాట ఇదే, సింగిల్‌గా 17వ స్థానం దాకా వెళ్ళింది. దరువు అమెరికన్ రాక్ గాయకుడు బిల్లీ స్క్వయర్ 1980 నాటి పాట 'ద బిగ్ బీట్' నుంచి తీసుకున్నది. 2003 నవంబరులో అమెరికన్ ర్యాపర్ జే-జీ 'నైంటీనైన్ ప్రాబ్లమ్స్'లోనూ అదే దరువు వినపడింది. కానీ ముందొచ్చింది మనవాడే.

తర్వాత 'సిట్టింగ్ హియర్'. ఆల్బమ్‌లో మొదటి పాట, నా లెక్కలో అన్నిటికన్నా గొప్పది. వెనకాల ఎక్కడో తుపాకీ చప్పుళ్ళు, పోలీసు సైరన్. ఇతను ఏమీ చెయ్యడు, కూర్చుని చూస్తుంటాడు. నిన్నటిదాకా జీవితం ఇంత చేదుగా లేదే అనుకుంటాడు. 'మా రోజుల్లో' అని మొదలుపెట్టే ముసలాయన మాట 18 ఏళ్ళవాడి నోట్లోంచి వస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. 'బ్రాండ్ న్యూ డే'లోనూ అదే దిగులు: ఒకప్పుడు పక్క పేట పిల్లలతో చేతులతో కొట్టుకునేవాళ్ళం, ఇప్పుడు తుపాకులు తేల్చేస్తున్నాయి అంటాడు. వెనక సంగీతం మాత్రం చైనావాళ్ళ మ్యూజిక్ బాక్సు తిప్పినట్టు ముద్దుగా ఉంటుంది.

'జస్ట్ ఎ రాస్కల్' ఒపేరా కోరస్‌తో మొదలై గిటార్ల మీదికి దూకుతుంది. జిమ్‌కి పనికొస్తుంది. 'హోల్డ్ యా మౌఫ్', 'కట్ ఎమ్ ఆఫ్' రెండూ నాకు మామూలుగానే అనిపిస్తాయి. 15లో ఒక మూడు తీసేసినా నష్టం లేదు.

ఇంగ్లీషు వచ్చినా ఒక్క ముక్క అర్థం కావట్లేదు?

ఎలా అవుతుంది, మనం నేర్చుకున్నది పుస్తకం ఇంగ్లీషు. ఇది తూర్పు లండన్ వీధి ఇంగ్లీషు. కాక్నీ, జమైకా పలుకుబడి, ఆఫ్రికా ఇళ్ళ మాటలు, బంగ్లాదేశీ పిల్లల మాటలు ఒకే స్కూల్లో, ఒకే బస్సులో కలిసిపోయి పుట్టింది. పాటల పేర్ల స్పెల్లింగులే చూడండి, ఇంగ్లీషు టీచర్ ఎర్ర పెన్ను పట్టుకుని ఊరుకోలేదు. 'బ్లడ్' అంటే మనం 'బావా', 'మామా' అని దోస్తుల్ని పిలుచుకున్నట్టు. 'ఎండ్స్' అంటే మా ఏరియా.

ఒకప్పుడు బ్రిటన్‌లో ర్యాప్ చెయ్యాలంటే అమెరికన్ యాస పెట్టేవాళ్ళు. లండన్ పాసీ, రూట్స్ మనూవా లాంటివాళ్ళు అంతకుముందే సొంత యాస పట్టుకున్నారు, ఆ ఘనతంతా డిజ్జీదే అంటే అన్యాయం. కానీ వాళ్ళ మాట నిదానం, వింటే అందుతుంది. ఇతను మా పేట మీకు అర్థమైతే వినండి, లేకపోతే మానెయ్యండి అన్నట్టు ఒక్క మాటా సర్దలేదు. అయినా మెర్క్యురీ జడ్జీలు విన్నారు. మన సినిమాల్లో ఎన్నో ఏళ్ళు తెలంగాణ యాస అంటే కమెడియన్‌కో రౌడీకో పెట్టేవాళ్ళు కదా, హీరో నోట అదే యాస మొదటిసారి విన్నప్పుడు ఆ ప్రాంతం వాళ్ళ వెన్ను ఎలా నిటారయ్యిందో గుర్తు తెచ్చుకోండి. బో కుర్రాళ్ళకి ఈ ఆల్బమ్ అలాంటిది.

పేరుకి అర్థం? పసుపు కవర్ కథేమిటి?

'మూలన ఉన్న పిల్లాడు'. క్లాసులో అల్లరి చేస్తే మనకి గోడకుర్చీ వేయించేవాళ్ళు, అక్కడ మూలకి పంపేవాళ్ళు. వీధి మలుపు కూడా కార్నరే. రెండు అర్థాలూ పనిచేస్తాయి. కవర్ మీద నిలువెల్లా పసుపు రంగు గదిమూల, నేల మీద నల్ల ట్రాక్‌సూట్‌లో డిజ్జీ, తల మీద రెండు వేళ్ళు కొమ్ముల్లా పెట్టుకుని ఉంటాడు. మీరు దెయ్యం అనుకుంటున్నారు కదా, ఇదిగో అన్నట్టు. ముఖంలో మాత్రం దెయ్యం లేదు, అలిసిపోయిన పిల్లాడే ఉన్నాడు.

అదే సమయంలో కత్తిపోట్లు జరిగాయంటారు?

అవును. ఆల్బమ్ ఇంకా బయటికి రాకముందే, అదే జులైలో సైప్రస్‌లోని అయ్యా నాపాలో అతన్ని కత్తితో పొడిచారు. లండన్ గరాజ్ జనమంతా వేసవిలో అక్కడికి పోయేవాళ్ళు. బతికి బయటపడ్డాడు, రెండు నెలలకి బహుమతి అందుకున్నాడు. పత్రికలకి పాటలకన్నా ఇదే రుచించింది. ఇక దాన్ని లాగను.

ఆడవాళ్ళ గురించిన పాటలు ఇబ్బందిగా లేవా?

ఉన్నాయి. 'ఐ లవ్ యూ'లో కనీసం అమ్మాయి గొంతు కూడా ఉంది, అతను ఒకటంటే ఆమె రెండంటుంది, కడుపు వచ్చిందన్న మాట రాగానే ఇద్దరూ ఎలా తప్పించుకు చూస్తారో దాపరికం లేకుండా ఉంటుంది. అందుకే అది నిలబడింది. 'జెజెబెల్' అలా కాదు. పేటలో పేరు పాడైన ఒక పిల్ల కథ అది, చెప్పేవాడికి జాలి ఉంది గానీ తీర్పు ఆమె మీదే, అబ్బాయిల మీద కాదు. ఇప్పుడు వింటే నాకు మింగుడు పడదు.

దీనికి తోడు 2022లో ఒకప్పుడు పెళ్ళి చేసుకోవాలనుకుని తర్వాత విడిపోయిన అమ్మాయి మీద చెయ్యి చేసుకున్న కేసులో కోర్టు డిజ్జీని దోషిగా తేల్చింది. ఆ తర్వాత ఈ ఆల్బమ్ వినడం మానేసినవాళ్ళు నాకు తెలుసు. నేను మానలేదు, కానీ 'జెజెబెల్' వచ్చినప్పుడు దాటేస్తాను.

ఇంట్లో పెట్టుకోవచ్చా? బూతులుంటాయా?

ఉంటాయి, దండిగా. అమ్మానాన్నలకి ఇంగ్లీషు వస్తే హెడ్‌ఫోన్లే దిక్కు.

ఇది నచ్చింది, తర్వాతి ఆల్బమ్‌లు కూడా ఇలాగే ఉంటాయా?

2004లో వచ్చిన 'షోటైమ్' దీనికి తమ్ముడే, ధైర్యంగా వినండి. 2007 నాటి 'మ్యాథ్స్ ప్లస్ ఇంగ్లిష్' నుంచి దారి మళ్ళింది. 2008లో కాల్విన్ హారిస్‌తో 'డాన్స్ విత్ మీ', 2009లో 'బాంకర్స్' చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్ళాయి. పార్టీ పాటలు, బావుంటాయి, మూలన కూర్చున్న పిల్లాడు మాత్రం వాటిలో లేడు. 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభంలో 'బాంకర్స్' పాడింది కూడా బోకి కూతవేటు దూరంలోని స్ట్రాట్‌ఫర్డ్‌లోనే. ఈ మొదటి ఆల్బమ్‌ని మొత్తంగా వేదిక మీద పాడమని అభిమానులు ఏళ్ళ తరబడి అడిగితే, ముందు 2016లో న్యూయార్క్‌లో పాడాడు. లండన్‌వాళ్ళకి ఒళ్ళు మండింది. అదే ఏడాది అక్టోబరులో ఒలింపిక్ పార్క్‌లోని కాపర్ బాక్స్‌లో పాడి శాంతపరిచాడు.

దీని తర్వాత గ్రైమ్‌కి దారి తెరుచుకుందా?

వెంటనే కాదు. అసలు తలుపు మూసుకుందనే చెప్పాలి. 2005 నుంచి లండన్ పోలీసులు 696 నంబరు ఫారం ఒకటి తెచ్చారు. క్లబ్బులో కార్యక్రమం పెట్టాలంటే పాడేవాళ్ళ పేర్లు, వివరాలు ముందే ఇవ్వాలి. నల్లజాతి సంగీతం మీదే అది ఎక్కువగా పడిందని విమర్శలు వచ్చాయి. ఎన్నో షోలు రద్దయ్యాయి. 2017లో గానీ దాన్ని తీసెయ్యలేదు. ఆలోపే పిల్లలు యూట్యూబ్‌లో తమ దారి తాము వేసుకున్నారు. 2016లో స్కెప్టా అనే గ్రైమ్ ఎంసీకి మెర్క్యురీ వచ్చింది, 2017లో ఇంకో గ్రైమ్ ఎంసీ స్టార్మ్‌జీ తొలి ఆల్బమ్ మొదటి స్థానానికి చేరింది, 2019లో డేవ్ అనే కుర్రాడి తొలి ఆల్బమ్‌కి మళ్ళీ మెర్క్యురీ.

తెలుగు ర్యాప్ చేసేవాళ్ళు దీంట్లోంచి ఏమైనా పట్టుకోవచ్చా?

బీట్ పట్టుకోకండి. నిమిషానికి 140 బీట్ల వేగంలో తెలుగు పెద్ద మాటలు ఇరుక్కుపోతాయి, ప్రయత్నించిన తమ్ముళ్ళని విన్నాను. అతను తన పేటని ఎంత దగ్గరనుంచి చూశాడో అది పట్టుకోండి. మెట్లు, లిఫ్టు వాసన, ఎవరు ఎవరితో మాట్లాడడం మానేశారు, ఇవే అతని సరుకు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ గురించి రాయలేదు, చూడలేదు కాబట్టి.

ఎలా వినాలి, ఏదైనా పద్ధతుందా?

స్ట్రీమింగ్ యాప్‌లలో ఉంది. షఫుల్ ఆపేసి వినండి. మొదటి పాట కూర్చుని చూడటంతో మొదలవుతుంది, చివరిది 'డూ ఇట్!', బతకడమే బరువైపోయినవాడు తనకి తానే లెమ్మని చెప్పుకునే పాట. మధ్యలో వచ్చే అరుపులన్నీ ఈ రెంటి మధ్య ఒక్క రాత్రి జరిగినట్టుంటాయి. వెలుతురులో వింటే నాకెప్పుడూ పని చెయ్యలేదు, చివరి బస్సులో కిటికీ పక్క సీటు దొరికినప్పుడు పెట్టుకోండి.